కంచు మనిషికి రంగు వేయవచ్చా? వేస్తే అందులో దైవం ఎక్కడిది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. షాన్ హెన్రీ అనే ఇంగ్లండు శిల్పి రంగులు వేసిన కంచు మనుషులను ఒక పెద్ద చర్చిలో నిలబెట్టిన ఫొటోలు చూశానన్నారు. కోటు వేసుకుని నిలుచున్న మామూలు మనిషి బొమ్మలో ఆధ్యాత్మికత ఉందని అందరూ రాస్తుంటే అది ఎక్కడుందో కనిపించలేదన్నారు. ఇది మొదటిది. కందుకూరు దగ్గర మీ ఊళ్లో మీ తాతగారి కంచు విగ్రహం పెట్టబోతున్నారు, దానికి ఆ ఫొటోల్లోలాగా రంగులు వేయిద్దామని మీకుంది, కంచుకు రంగు పూయడం అపచారమని ఊరి పెద్దలు అడ్డుపడుతున్నారు. ఇది రెండోది. మొదటిది తేలితే రెండోది దానంతటదే తేలుతుంది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నెల్లూరులో పెన్న దాటాక కోవూరు వైపు ఒక రేకుల షెడ్డులో ముప్పై నాలుగేళ్లుగా విగ్రహాలు చేస్తున్నాను. అంతకుముందు కుర్రతనంలో గోపురాల మీద సుధ బొమ్మలకు, అంటే సున్నపు గారతో చేసిన బొమ్మలకు, రంగులు వేసే మేస్త్రీ వెంట తిరిగాను. సిమెంటు, ఫైబరు, కంచు మూడింటిలోనూ చేతులు కాల్చుకున్నాను. కంచులో ఆ మాట అక్షరాలా నిజం.

అయితే ముందు అపచారమన్న అడ్డు తీసేద్దాం. కంచు ఒకే రంగులో గంభీరంగా ఉండాలన్నది మనం అనుకునేంత పాత నియమం కాదు. 1972లో ఇటలీ దక్షిణ తీరాన రియాచే అనే ఊరి దగ్గర సముద్రం అడుగున ఇద్దరు గ్రీకు వీరుల కంచు విగ్రహాలు దొరికాయి. క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దపు పని అది. వాటి పెదవులు రాగితో చేసి అతికించారు. ఒకరి పళ్లకు వెండి తొడిగారు. కళ్లు విడిగా చేసి పొదిగారు. చేసిన శిల్పి మనిషి రంగులను కోరుకున్నాడు. వాటిని ఒకే రంగు చేసింది రెండు వేల ఏళ్ల ఉప్పునీరు. ఆ తర్వాత వచ్చిన మనం ఉప్పునీరు చేసిన పనిని శిల్పి అభిరుచి అనుకున్నాం.

అంత దూరం ఎందుకు, మన గుళ్లోనే చూడండి. ఉత్సవమూర్తిని ఒట్టి లోహంగా మీరు ఎప్పుడు చూశారు? పట్టుబట్ట, నామం, కిరీటం, మెడ నిండా పూలు. అభిషేకం జరిగే ఆ కాసేపు తప్ప పంచలోహం బయటపడదు. మ్యూజియంలో చోళుల కంచును చూసి లోహపు సొగసు గురించి పుటలు రాసేవాళ్లను నేను తప్పుపట్టను, నేనూ చూసి నోరు తెరిచినవాణ్నే. కానీ ఆ మూర్తిని పోసిన స్థపతి, జనం దాన్ని అలా చూస్తారని అనుకుని ఉండడు. మీ పెద్దలతో ఈ మాట చెప్పండి. వాళ్లకు గుడి భాషలో చెబితేనే వినబుద్ధవుతుంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ నవ్వొచ్చే విషయం ఒకటుంది. మన కూడళ్లలో సిమెంటు విగ్రహాలకు బంగారు రంగో కంచు రంగో పూస్తాం. సిమెంటును లోహంగా నమ్మించాలని మన తాపత్రయం. షాన్ హెన్రీ అసలైన కంచు పోసి, దాని మీద ఖాకీ ప్యాంటు రంగు, వెలిసిన చొక్కా రంగు, ఎండకు కమిలిన ముఖం రంగు వేసి, కంచు కంటికి కనపడకుండా చేస్తారు. మనం చౌకను ఖరీదుగా చూపిస్తాం, ఆయన ఖరీదును మామూలుగా చూపిస్తారు. మీరు అడిగిన ఆధ్యాత్మికతకు మొదటి ఆనవాలు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. సంపాదించినదాన్ని బయటికి కనపడనివ్వకపోవడం మన పెద్దల్లో ఒక గుణం, గుర్తుందా? అలాంటిదే ఇది.

మరి కనపడని కంచు ఎందుకు, ఫైబరుతో చేసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. మా షెడ్డుకు వచ్చే ప్రతివాళ్లూ అడుగుతారు. జవాబు కొంత పనికి సంబంధించినది, కొంత నమ్మకానికి సంబంధించినది.

పని సంగతి: ముందు మట్టితో బొమ్మ చేస్తాం. దాని మీద అచ్చు తీసి, అచ్చులో మైనం పల్చగా పోసి, మైనపు బొమ్మ చుట్టూ మళ్లీ మట్టి కప్పి కాలుస్తాం. మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తాం. కంచు కరగడానికి దాదాపు వెయ్యి డిగ్రీల వేడి కావాలి. కిలో మైనం కారిపోయిన చోట సుమారు తొమ్మిది కిలోల కంచు పడుతుంది. మనిషంత విగ్రహాన్ని తమిళనాడులోని స్వామిమలై పద్ధతిలో గట్టిపోత, అంటే లోపల ఖాళీ లేకుండా, పోస్తే ఆరు వందల కిలోలు తూగుతుంది, ఎవరూ ఎత్తలేరు, ఎవరూ కొనలేరు. అందుకే పెద్దవన్నీ లోపల బోలుగా, గోడ అయిదారు మిల్లీమీటర్ల మందంతో పోస్తారు. అప్పుడు నూరు కిలోల పైచిలుకుతో సరిపోతుంది. ఇంత పల్చటి గోడతో కూడా కంచు మనిషి రెండు చీలమండల మీద నిలబడగలడు. సిమెంటు నిలబడదు. అందుకే మన సిమెంటు నాయకుల కాళ్ల వెనుక ఏదో ఒక స్తంభమో, పంచె కుచ్చెళ్ల గుట్టో, పుస్తకాల దొంతరో ఉంటుంది, గమనించండి. మనిషి తన బరువును ఒక కాలి మీద వేసి, రెండో కాలు వదులుగా పెట్టి, ఏదో ఆలోచనలో నిలుచున్నట్టు చూపాలంటే కంచే కావాలి. షాన్ హెన్రీ మనుషులు చాలామంది అలాగే ఉంటారు. బస్సు కోసం చూసే మనిషిలాగా. డాక్టరు పిలుపు కోసం కూర్చున్న మనిషిలాగా.

నమ్మకం సంగతి: ఫైబరు బొమ్మను వేలితో తడితే డొక్కు చప్పుడు వస్తుంది. రంగేసిన కంచును తడితే లోపలినుంచి గంట మోగినట్టు సన్నటి నాదం వస్తుంది. కంటికి మామూలు మనిషి, చెవికి గుడి గంట. ఆ తేడా తెలిసినవాడికి బొమ్మ మీద చూపు మారిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. బొమ్మలో దైవం ఉందో లేదో తేల్చేది బొమ్మ ఎవరిదన్న సంగతి కాదు. కళ్లు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, కళ్లు ఎటు చూస్తున్నాయన్నది. రంగు వేయని కంచులో కంటిగుడ్డు ఒక నున్నటి గుండు. శిల్పి చిన్న గుంట తవ్వి నీడతో కనుపాప భ్రమ కలిగిస్తాడు, అంతే. రంగు వచ్చేసరికి తెల్లగుడ్డు, నల్లపాప, దానిమీద మెరుపు చుక్క వస్తాయి. ఆ చుక్క వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగితే చూపు మారుతుంది. కాబట్టి రంగు వేసిన శిల్పి ఒక నిర్ణయం తీసుకోక తప్పదు: ఈ మనిషి నన్ను చూస్తున్నాడా, లేదా?

మన దారిలో దేవుడు మనల్ని చూడాలి. దర్శనానికి వెళ్లామంటే మనం చూడటం సగమే, ఆయన కంట మనం పడటం మిగతా సగం. ప్రతిష్ఠప్పుడు నయనోన్మీలనం అని చేస్తారు. అప్పటిదాకా శిల్పం, కళ్లు తెరిచాక మూర్తి. తెరిచిన కంటికి మొదట మనుషులను చూపరు. అద్దం, ఆవూదూడా చూపిస్తారు. చిన్నప్పుడు మా మేస్త్రీ గోపురం బొమ్మలకు కళ్లు దిద్దేటప్పుడు కూడా పక్కనుంచే కుంచె పెట్టేవాడు, ఎదురుగా నిలుచునేవాడు కాదు. ఇది సుధ బొమ్మే కదా మేస్త్రీ, మూలవిరాట్టు కాదు కదా అంటే, దానికి ఆ సంగతి తెలియదు కదరా అన్నాడు.

మొన్నమొన్నటిదాకా మా జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో పోలేరమ్మ జాతర మీరు చూసే ఉంటారు. వినాయక చవితి వెళ్లాక వస్తుంది. అమ్మవారిని మట్టితో ఆ రాత్రికారాత్రి కుమ్మరుల ఇంట చేస్తారు. ఆ తర్వాత వేరే చోట కళ్లు పెడతారు, దిష్టిచుక్క పెడతారు. అప్పుడు గాని జనం మధ్యకు రాదు. ఊరేగింపు అయ్యాక ఆ రూపాన్ని విరూపం చేసేస్తారు. ఒక్క రోజు బతుకు. నాకు తెలిసి శిల్పశాస్త్రం అంతా ఆ ఒక్క జాతరలో ఉంది. మట్టి వేరు, రూపం వేరు, కళ్లు వేరు. కళ్లు పడ్డ క్షణం నుంచి విగ్రహం మనకు చెందదు.

ఈ చూపును ఇప్పటి కళలోకి తెచ్చినవారు మన తెలుగువాడే. రవీందర్ రెడ్డి 1956లో సూర్యాపేటలో పుట్టారు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చాలాకాలం శిల్పం నేర్పారు. ఆయన చేసిన పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు మీరు ఫొటోల్లోనైనా చూసి ఉండాలి. కొప్పులో పూలు, ముక్కుకు నత్తు, ఎర్రగా, నీలంగా, బంగారు పూతగా మెరిసే ముఖం, రెప్పవేయని పెద్ద కళ్లు. వాటిలో ఎక్కువ ఫైబరువే, మోటారు కార్లకు వాడే రకం రంగుతో మెరుస్తుంటాయి. అది కూరగాయలమ్మే మనిషి ముఖం, అమ్మవారి కళ్లు. ముందు నిలుచుంటే మీరు చూడటం మానేసి, చూడబడటం మొదలవుతుంది. ఆయన పనిలోని దైవత్వం ఆ ఎదురుచూపులో కాదు, ఎదుటి చూపులో ఉంది.

షాన్ హెన్రీది సరిగ్గా దీనికి వెనుతిరిగిన దారి. ఆయన మనుషులు మిమ్మల్ని చూడరు.

ఈ మాట ఫొటోలు చూసి చెప్పడం లేదు. మా అమ్మాయి ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను రెండు నెలలు అక్కడ ఉన్నాను. ఒక ఆదివారం న్యూబిగిన్ అనే ఊరికి తీసుకెళ్లింది. ఒకప్పుడు చేపలవాళ్లు, బొగ్గుగని పనివాళ్లు ఉన్న ఊరు. అక్కడి సముద్రంలో, తీరానికి దూరంగా అలలను ఆపే రాతికట్ట మీద, ఎత్తైన వేదిక కట్టి ఒక మగమనిషిని, ఒక ఆడమనిషిని నిలబెట్టారు. పేరు ‘జంట’. 2007లో పెట్టారు. ఒక్కొక్కరు అయిదు మీటర్ల ఎత్తు. రంగు వేసిన కంచు. ఇద్దరూ సముద్రం వైపు చూస్తుంటారు, ఊరివైపు వీపు. అంత ఖర్చుపెట్టి చేయించుకున్న ఊరికి వీపు చూపించిన విగ్రహం మన దగ్గర పెడితే మొదటి వారంలోనే పంచాయితీ పెడతారు. మన నాయకుడు కూడలి వైపు చూడాలి, చెయ్యి ఎత్తాలి, వేలు చూపాలి.

ఒడ్డున గాలికి మఫ్లరు చుట్టుకుని నేను వాళ్ల వీపులే చూస్తూ నిలుచున్నాను. మొదట కోపం లాంటిది వచ్చింది, అంత దూరం వచ్చింది వీపులు చూడటానికా అని. పది నిమిషాలయ్యాక నేను కూడా వాళ్లు చూసే వైపే చూస్తున్నానని తెలిసింది. అక్కడ ఏమీ లేదు. బూడిదరంగు నీళ్లు, బూడిదరంగు ఆకాశం. కొత్తపట్నం ఒడ్డున తెల్లవారుజామున పడవల కోసం చూసే ఆడవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లను మీరు పలకరిస్తే పలుకుతారు, కానీ కళ్లు మీ మీదికి రావు. ఆ ఆడవాళ్ల ముఖంలో ఉన్నది భక్తి అని ఎవరూ అనరు. నేను మాత్రం, గుడిలో గంట కొట్టేవాళ్ల ముఖాల్లో కన్నా అక్కడే దాన్ని ఎక్కువసార్లు చూశాను.

ఇప్పుడు మీరు చూసిన చర్చి ఫొటోల దగ్గరికి వద్దాం. అది సాల్స్‌బరీ కేథడ్రల్, పదమూడో శతాబ్దపు కట్టడం. ఆ ప్రదర్శన 2011లో జరిగింది. పేరు ‘కాన్‌ఫ్లక్స్’, అంటే సంగమం. పవిత్రమైనదీ, పేరు లేనిదీ కలిసే చోటు అని దానికి ఉపశీర్షిక. ఆ చర్చి పడమటి గోడ నిండా గూళ్లు, గూళ్లలో సాధువులు, ప్రవక్తలు. లోపల సమాధుల మీద చేతులు జోడించి వెల్లకిలా పడుకున్న రాతి బిషప్పులు, యోధులు. అందరికీ పేర్లున్నాయి, హోదాలున్నాయి. వాళ్ల మధ్య ఈయన పేరులేని మనుషులను నిలబెట్టారు. ఆయన పెట్టే పేర్లు కూడా చాలావరకు అంతే: నిలుచున్న మనిషి, కూర్చున్న మనిషి, నడుస్తున్న స్త్రీ. నమూనాగా నిలుచున్నవాళ్లు నిజమైన మనుషులే, వాళ్లకు ఇంటిపేర్లు ఉంటాయి. వాటిని ఆయన బొమ్మ పేరులోకి రానివ్వలేదు.

మన ఉత్సవమూర్తి సంగతి ఇందాక ఎత్తాను కదా. మూలవిరాట్టు కదలదు కాబట్టి, గుడిలోకి రాలేనివాళ్ల కోసం పంచలోహమూర్తి వీధిలోకి వస్తుంది. కంచుకు మన సంప్రదాయం అప్పగించిన పని అది, దేవుణ్ని వీధిలోకి మోసుకురావడం. సాల్స్‌బరీలో అదే కంచు వీధిలో మనిషిని గర్భగుడి దాకా మోసుకెళ్లింది. రంగు లేకపోతే ఇది కుదరదు. ఒట్టి కంచు రంగులో పెడితే ఆ మనిషి కూడా మరో సాధువు విగ్రహం అయిపోయేవాడు, గూటిలోకి ఎక్కేసేవాడు. చొక్కా రంగు వెలిసి ఉంది కాబట్టే, బూట్ల మీద దుమ్ము రంగు ఉంది కాబట్టే, మనలో ఒకడు లోపలికి నడిచి వచ్చి ఆగిపోయాడని అనిపిస్తుంది. నెల్లూరు రంగనాథుడి గుడిలో శయనించిన స్వామి ముందు అప్పుడే బజారు సంచితో వచ్చి నిలుచున్న మనిషిని తలుచుకోండి. చూసేవాళ్లు స్వామిని కాకుండా ఆ మనిషిని చూస్తే ఎలా ఉంటుందో, ఆ ప్రదర్శన అలాంటిది.

అయితే ఇది మైనపు బొమ్మల మ్యూజియం అయిపోకుండా ఎలా ఆగింది? రంగు వేసిన ఏ బొమ్మకైనా ఉన్న పెద్ద గండం ఇదే. దానికి ఆయన వాడే ఉపాయాలు రెండు, నా కంటికి కనిపించినంతలో.

ఒకటి కొలత. ఆయన బొమ్మలు మనిషికన్నా చిన్నవో పెద్దవో అయి ఉంటాయి, సరిగ్గా మనిషంత ఉండటం అరుదు. అమెరికాలో డ్వేన్ హాన్సన్ అనే శిల్పి ఉండేవారు, మనిషంత కొలతలో, నిజం బట్టలు తొడిగి, వెంట్రుకలతో సహా చేసేవారు. జనం పలకరించబోయి నాలుక కరుచుకునేవాళ్లట. అది గొప్ప పనే, కానీ మోసపోయిన క్షణం దాటాక మనకు మిగిలేది ఆశ్చర్యం. కొలత మారితే మోసపోవడం ఉండదు. మోకాలెత్తు మనిషిని చూడాలంటే మీరు వంగాలి. మూడు మీటర్ల మనిషిని చూడాలంటే తలెత్తాలి. వంగడం, తలెత్తడం, ఈ రెండూ మనం గుడిలో చేసే పనులే.

రెండోది వేలి ముద్ర. ఆయన చదివింది సిరామిక్స్, మొదలుపెట్టింది మట్టితో. దూరంనుంచి చర్మంలా కనిపించినది దగ్గరికి వెళ్తే మట్టి ఒత్తులుగా, పుల్ల గీతలుగా విడిపోతుంది. రంగు కూడా ఫొటోలా నున్నగా ఉండదు, కుంచె దెబ్బలు తెలుస్తాయి. స్పెయిన్‌లో పదిహేడో శతాబ్దంలో కొయ్య సాధువులను ఒకరు చెక్కితే రంగులు వేరొకరు వేసేవారు. మార్తీనెజ్ మొంతాన్యెస్ చెక్కినవాటికి ఫ్రాన్సిస్కో పచేకో రంగులు వేశారు. ముఖానికి మెరిసే పూత వద్దు, మెరుపు లేని పూతే చర్మంలా ఉంటుందని పచేకో గట్టిగా పట్టుబట్టినవారు. నాలుగు వందల ఏళ్ల కిందటి ఆ మాట మన విగ్రహాలవాళ్లు ఒక్కరు విన్నా బాగుండేది. డ్యూకో పెయింటు మెరుపుతో మన నాయకులందరూ ఇప్పుడే నూనె రాసుకుని వచ్చినట్టుంటారు.

ఇదంతా నేను తెలివిగా మొదటినుంచీ తెలుసుకుని చేసినట్టు అనిపిస్తుందేమో. కాదు. నాకు ఈ చూపు సంగతి నేర్పింది ఒక ముసలావిడ. చాలా ఏళ్ల కిందట ప్రకాశం జిల్లాలో ఒక పల్లెకు బడిపంతులుగారి విగ్రహం చేశాను. పాత విద్యార్థులు చందాలు వేసుకుని చేయించారు. ఫైబరు, మనిషంత కొలత, పూర్తి రంగులు. పంచె అంచు దగ్గర మూడు రోజులు పడ్డాను. కళ్లు సూటిగా పెట్టాను, ఎదురుగా నిలుచుంటే పంతులుగారు మిమ్మల్నే చూస్తారు. తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు అచ్చు ఆయనే అని చెప్పులు విప్పి దండం పెట్టారు. ఆయన భార్య మాత్రం చాలాసేపు చూసి, మెల్లగా అంది: “బాగుంది నాయనా. కానీ ఈయన ఎవరో నాకు తెలియదు. మా ఆయన యాభై ఏళ్లలో ఒక్కనాడైనా నన్ను ఇట్లా చూడలేదు. ఎప్పుడూ పుస్తకంలోకో, కిటికీలోనుంచి బడివైపో చూసేవాడు.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రే కళ్లు గీకేశాను. తల ఎలా ఉందో అలాగే ఉంచి, కనుపాపలను కాస్త కిందికి, పక్కకు దించాను, పైరెప్పకు ఒక పూత ఎక్కువ వేసి బరువు తెచ్చాను. మొత్తం పని గంటన్నర. మర్నాడు ఆవిడ వచ్చి విగ్రహం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఏమీ అనలేదు. వెళ్లిపోయేటప్పుడు విగ్రహం భుజం మీద పడిన సున్నం పొడిని కొంగుతో తుడిచింది.

షాన్ హెన్రీ బొమ్మల్లో ఆధ్యాత్మికత ఏమిటంటే నేను ఆ స్టూలునే చూపిస్తాను. మనల్ని చూసే బొమ్మ ముందు మనం నిలబడతాం, ఏదో అడుగుతాం, దండం పెట్టి వెళ్లిపోతాం. తనలో తానున్న బొమ్మ పక్కన మనం కూర్చుంటాం. నార్త్ యార్క్ మూర్స్ అనే బీడుకొండల మీద ఆయన మూడు మీటర్ల ‘కూర్చున్న మనిషి’ని పెడితే జనం ఎంతగా తరలివెళ్లారంటే, నడకకు నేల కోసుకుపోయి, చివరికి దాన్ని అక్కడినుంచి తీసి యార్క్‌షైర్ స్కల్ప్చర్ పార్కుకు మార్చవలసి వచ్చింది. దేవుడు కాదు, దేశనాయకుడు కాదు. ఊరకే కూర్చుని దూరంగా చూస్తున్న ఒక మనిషి. ఆయన పక్కన కాసేపు కూర్చోవడానికి వెళ్లారు.

ఇక మీ తాతగారు.

రంగు వేయించండి, తప్పేమీ లేదు. కానీ నేను చెప్పేవి మీ శిల్పితో తేల్చుకున్నాకే. కంచు మీద మామూలు పెయింటు నిలవదు, ముఖ్యంగా మన తీరంలో. ఒకప్పుడు సముద్రానికి దగ్గర్లో ఒక ఊరికి రంగేసిన కంచు ఫలకం చేసిచ్చాను. నున్నటి లోహం మీద నేరుగా రంగు పూశాను. రెండో వానకాలానికి పెచ్చులు లేచాయి, లేచిన చోట ఉప్పుగాలి దూరి కింద పచ్చటి బూజులాంటిది పట్టింది. పొరపాటు నాదే. లోహాన్ని ముందు ఇసుక పిచికారీతో గరుకు చేయాలి, జిడ్డు పూర్తిగా తీయాలి, అదే రోజు లోహాన్ని పట్టుకునే ప్రైమరు వేయాలి, దాని మీద ఎపాక్సీ పూత, ఆ పైన రంగులు, అన్నిటి మీదా ఎండను ఆపే మెరుపులేని పారదర్శక పూత. గరుకు చేసిన కంచును రాత్రంతా వదిలేస్తే మళ్లీ మొదటికి వస్తుంది, దీని గురించి శిల్పిని నిలదీసి అడగండి. ఇంత చేసినా మన ఎండకు రంగు కొన్నేళ్లకు వెలుస్తుంది. గోపురానికి పన్నెండేళ్లకోసారి కుంభాభిషేకం పేరుతో రంగులు వేస్తాం కదా, అలా మళ్లీ వేయించే బాధ్యత ఎవరిదో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. రాసుకోని ఊళ్లలో ఏం జరుగుతుందంటే, ఎన్నికల ముందు ఎవరో ఒకరు వచ్చి బంగారు రంగు కొట్టించి పోతారు.

కొలత గురించి కూడా. ఆరుబయట, దిమ్మ మీద పెట్టిన మనిషంత విగ్రహం మనిషికన్నా చిన్నదిగా కనిపిస్తుంది, ఆకాశం దాన్ని తినేస్తుంది. అందుకని మనవాళ్లు పావువంతు పెంచి చేస్తారు. మీ దగ్గర అంత డబ్బు లేదన్నారు. ఎత్తు పదో వంతు పెంచితే పైతలం అయిదో వంతు పెరుగుతుంది, కంచు బరువూ అంతే పెరుగుతుంది, ఖర్చు దాని వెంటే వస్తుంది. నా సలహా వేరే. దిమ్మ ఎత్తు తగ్గించేయండి. అసలు దిమ్మే వద్దు. మీ తాతగారు పంచాయతీ ఆఫీసు పక్కన రచ్చబండ మీద సాయంత్రాలు కూర్చునేవారని రాశారు కదా, ఆ బండ మీదే, మనిషికన్నా కాస్త తక్కువ కొలతలో, కూర్చున్నట్టు చేయించండి. పక్కన ఇద్దరు కూర్చునే చోటు వదలండి. చెయ్యి ఎత్తవద్దు. చేతులు ఆయన మామూలుగా ఎక్కడ పెట్టుకునేవారో అక్కడే ఉండాలి. పూలదండ వేయడానికి వీలుగా లేదని పెద్దలు అంటారు. ఉండనివ్వండి.

కళ్ల గురించి మీరు నాకు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫొటోలు పంపారు, అన్నిటిలోనూ ఆయన కెమెరావైపు బిగుసుకుని చూస్తున్నారు, అవి దేనికీ పనికిరావు. ఆ బండ మీద కూర్చుని ఆయన ఎటు చూసేవారు? చెరువు వైపా, బస్సు వచ్చే రోడ్డు వైపా, తన చేతుల వైపా? పొద్దుగూకే వేళ కళ్లు చిట్లించేవారా? ఈ సంగతి ఊళ్లో పెద్దలను అడిగితే తలో మాట చెబుతారు. మీ అవ్వగారు ఉన్నారన్నారు. ఆమెను అడగండి. చెప్పలేకపోతే, కళ్లు వేసే రోజు ఆమెను శిల్పి షెడ్డుకు తీసుకెళ్లండి, స్టూలు ఒకటి వేయించండి. ఉదయం పదిలోపే వెళ్లండి, ఆ తర్వాత రేకుల కింద వేడికి పెద్దవాళ్లు కూర్చోలేరు.